లెక్కకు రాని దెబ్బలు: కళాశాల ఫుట్‌బాల్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు అమెరికన్ ఫుట్‌బాల్ గురించే ఉన్నాయి. మూడింటి వెనుకా ఉన్న సంశయం ఒకటే కాబట్టి వాటిని ఒకేచోట తీసుకుంటున్నాము.

ప్రశ్న: అయ్యా, మేము పద్దెనిమిదేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి హైస్కూలు చివరి సంవత్సరంలో ఉన్నాడు, స్కూలు జట్టులో లైన్‌బ్యాకర్, అంటే ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే ఆటగాడు. ఏడో తరగతి నుంచి ఆడుతున్నాడు. ఇప్పుడు వాడి ముందు మూడు దారులున్నాయి. పక్క రాష్ట్రంలోని ఒక మధ్యస్థాయి విశ్వవిద్యాలయం పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది. ఐవీ లీగ్ అనే ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాల కూటమిలోని ఒక కళాశాల కోచ్ ఆసక్తి చూపిస్తున్నారు. ఒక పెద్ద విశ్వవిద్యాలయం వారు డబ్బేమీ ఇవ్వకుండా ‘ప్రిఫర్డ్ వాక్ ఆన్’గా జట్టులోకి రమ్మంటున్నారు, వాడి మనసు అక్కడే ఉంది. డాక్టర్ కావాలన్న కోరికా వాడికి ఉంది. నా భార్య మెదడు జబ్బు గురించి చదివి ససేమిరా అంటోంది. నాకు చదువు ఖర్చు తప్పుతుందన్న ఆశ, వాడు వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళితే అన్న దురాశ రెండూ ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. ఏది ఎంత బరువో ఎలా తూచాలి?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: దురాశ అని మీరే పేరు పెట్టారు కాబట్టి ముందు దాన్ని పక్కకు తీద్దాము. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా ఏడు విడతల డ్రాఫ్ట్‌లో ఎంచుకునేది దేశం మొత్తం మీద సుమారు 260 మందిని. డ్రాఫ్ట్‌కు అర్హత వచ్చిన కళాశాల ఆటగాళ్లలో ఎంపికయ్యేవారు నూటికి ఇద్దరు కూడా ఉండరని కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ లెక్కలే చెబుతున్నాయి. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే కుర్రవాడి విషయంలో ఆ అవకాశం ఇంకా సన్నబడుతుంది. అందుచేత త్రాసులో ఆ బరువు వేయకండి. అబ్బాయి కలగంటే కననివ్వండి, మీరు మాత్రం దాన్ని నమ్ముకుని లెక్క కట్టకండి.

ఇక మీ భార్యగారి భయం. ఆమె చదివింది బహుశా బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం గురించి అయివుంటుంది. మరణించిన 202 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను వారు పరీక్షించగా, పదేపదే తగిలిన దెబ్బల వల్ల మెదడు క్రమంగా క్షీణించే సీటీఈ అనే వ్యాధి 177 మందిలో కనిపించింది. కళాశాల స్థాయి వరకు ఆడి ఆపేసిన 53 మందిలో 48 మందికి అది ఉంది. ఈ అంకెలు చూసిన తల్లికి నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ మెదళ్లను దానమిచ్చినవి ఎక్కువగా అప్పటికే లక్షణాలు చూసి అనుమానపడిన కుటుంబాలు కాబట్టి, ఆడినవారందరిలో ఇంతమందికి వస్తుందని ఆ సంఖ్యల నుంచి తేల్చలేము. ఆ మాట పరిశోధకులే రాశారు. పైగా ఈ వ్యాధిని ఈనాటికీ మరణానంతరం మెదడు కణజాలం పరీక్షించి మాత్రమే నిర్ధారిస్తున్నారు. అంటే ఏ డాక్టరూ మీ అబ్బాయిని చూసి ఉందని గానీ లేదని గానీ చెప్పలేరు.

ఆమె భయంలో నిజముంది, కానీ ఆ భయం చూస్తున్న దిక్కు కొంచెం వేరు. తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ తప్పడం, చూపు మసకబారడం, దాన్నే అందరూ కంకషన్ అని పిలవడం, దాని కోసం అంబులెన్సు రావడం, ఇవే మనకు కనిపించే ప్రమాదాలు. 2023లో 631 మెదళ్ల మీద వెలువడిన పరిశోధన మరో సంగతి చూపింది. సీటీఈతో గట్టిగా ముడిపడి ఉన్నది కంకషన్ల సంఖ్య కాదు, ఆడిన కాలమంతటిలో తల మీద పడిన తాకిడి మొత్తం. ఎవరూ ఈల వేయని, ఎవరూ ఆట ఆపని, ఆటగాడు లేచి హెల్మెట్ సర్దుకుని మళ్లీ వరుసలో నిలబడే మామూలు దెబ్బలన్నీ కలిపి ఆ మొత్తం అవుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని పుర్రె లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు. ఆడే ప్రతి అదనపు సంవత్సరంతో సీటీఈ వచ్చే అవకాశం సుమారు 30 శాతం చొప్పున పెరుగుతోందని 2019లో అదే బోస్టన్ బృందం అంచనా వేసింది. ఏడో తరగతి నుంచి ఆడుతున్న మీ అబ్బాయి ఖాతాలో ఇప్పటికే ఆరేళ్ల దెబ్బలు జమ అయి ఉన్నాయి. ప్రతి ఆటలోనూ ఢీకొట్టడమే లైన్‌బ్యాకర్ పని. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ‘ఆడనివ్వాలా వద్దా’ అన్నదాని కంటే ‘ఇంకా ఎన్నేళ్లు, ఏడాదికి ఎన్ని దెబ్బలు’ అన్నది.

ఈ రెండో ప్రశ్నకు కళాశాలను బట్టి జవాబు మారుతుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆరు పెద్ద కళాశాలల జట్లను ఐదు సీజన్ల పాటు, సెన్సర్లు అమర్చిన హెల్మెట్లతో గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కంకషన్లలో 72 శాతం ఆటలలో కాక సాధనలో జరిగాయని తేలింది. దాదాపు సగం ఆగస్టులో సీజన్ మొదలు కాకముందు జరిగే శిబిరాలలోనే జరిగాయి. టీవీలో కనిపించే శనివారం ఆట చూసి మనం కలవరపడుతుంటాము, అసలు నష్టం మాత్రం వీక్షకులు లేని మైదానంలో జరుగుతోంది. సాధన ఎలా ఉండాలో నిర్ణయించేది కోచ్ కాబట్టి ఈ ముప్పులో పెద్ద వాటా విధిది కాదు, కోచ్‌ది. డార్ట్‌మత్ కళాశాల కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో తన ఆటగాళ్లు సాధనలో ఒకరినొకరు టాకిల్ చేయకూడదని, అంటే ఢీకొట్టి పడగొట్టకూడదని నిషేధించి, దిండు బొమ్మల మీద నేర్పించారు. ఆ జట్టు బలహీనపడలేదు సరికదా 2015లో ఐవీ లీగ్ టైటిల్‌ను పంచుకుంది. 2016లో లీగ్ మొత్తం సీజన్ మధ్య సాధనలో టాకిలింగ్‌ను మానేసింది. అదే ఏడాది, ఆట మొదలుపెట్టడానికి బంతిని తన్నే కిక్ఆఫ్ గీతను ఐదు గజాలు ముందుకు జరపగా, ప్రతి వెయ్యి కిక్ఆఫ్‌లకు సుమారు 11గా ఉన్న కంకషన్లు 2కు పడిపోయాయి. గీత జరిపితే ఇంత తేడా వచ్చిందంటే, అంతకుముందు దెబ్బలు తిన్న పిల్లల విషయంలో ఎవరు జవాబు చెప్పాలన్న కోపం నాకు కలుగుతుంది.

మూడు కళాశాలల కోచ్‌లనూ ఒకే ప్రశ్న అడగండి: వారానికి ఎన్ని రోజులు పూర్తి ప్యాడ్లతో, నిజమైన టాకిలింగ్‌తో సాధన చేయిస్తారు? రోజుల సంఖ్య చెప్పకుండా ‘ఆటగాళ్ల భద్రతే మాకు ముఖ్యం’ అని సరిపెట్టే కోచ్‌ను నేనైతే నమ్మను. దానితోపాటు ఎండదెబ్బ గురించీ అడగండి. 2018లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఆటగాడు సాధనలో కుప్పకూలి, రెండు వారాల తరువాత ఆసుపత్రిలో మరణించాడు. అతని శరీర ఉష్ణోగ్రత కొలవలేదని, చల్లటి నీటి తొట్టిలో ముంచలేదని స్వతంత్ర విచారణ తేల్చింది. సమయానికి చల్లబరిస్తే ఎండదెబ్బ నుంచి బయటపడవచ్చు. కాబట్టి మైదానం పక్కన మంచునీటి తొట్టి సిద్ధంగా ఉందో లేదో కళాశాల చూడడానికి వెళ్లినరోజే కళ్లారా చూడండి, మొహమాటపడకండి.

ప్రతిఫలం వైపుకు వస్తే, పూర్తి స్కాలర్‌షిప్ చిన్న విషయం కాదు. ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ కలిసివస్తాయి. (వసతి, భోజనాల మొత్తం మీద మాత్రం ఆదాయపు పన్ను ఉంటుంది.) కోచ్ నోటితో ఇచ్చిన మాటకు ఏ కట్టుబాటూ లేదు, కళాశాల రాతపూర్వకంగా ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందమే లెక్క. ఆ కళాశాలలోనే చేరతామని మునుపు ఆటగాళ్లు సంతకం చేసే జాతీయ అంగీకార పత్రం 2024 అక్టోబరులో రద్దయింది కాబట్టి ఈ ఒప్పందం ఇప్పుడు మరింత ముఖ్యం. 2024 ఆగస్టు నుంచి డివిజన్ వన్ (ఎన్‌సీఏఏ పోటీల్లో పై స్థాయి) కళాశాలలు ఆటలో తగిలిన గాయాల వైద్య ఖర్చులను, ఆట ముగిశాక కనీసం రెండేళ్ల పాటు భరించాలన్న నియమం ఉంది. మోకాలి శస్త్రచికిత్సకు అది చాలవచ్చు. నలభై అయిదో ఏట జ్ఞాపకశక్తి తగ్గితే పనికిరాదు. ఉద్యోగులకు దక్కే గాయాల పరిహారమూ దక్కదు. 1974లో మీ రాష్ట్రానికే చెందిన టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ పక్షవాతానికి గురైన కెంట్ వాల్డ్రెప్ ఆ పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడినా, అతను ఉద్యోగి కాదని 2000లో టెక్సస్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం తరువాత కళాశాలలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చన్నది నిజమే. ఒక్కో కళాశాలకు అన్ని క్రీడలకూ కలిపి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ స్తోమత ఉన్నవి పెద్ద కాన్ఫరెన్సులలోని (కళాశాలల కూటములలోని) కళాశాలలు, అందులోనూ అధిక భాగం పోయేది పేరున్న ఆటగాళ్లకు. ఈ ఒప్పందంలో మీ అబ్బాయిని నేరుగా తాకే అంశం వేరే ఉంది: అందులో చేరిన కళాశాలల్లో ఫుట్‌బాల్ జట్టుకు 105 మందే ఉండాలి. అంతకుముందు డబ్బు ఇవ్వకుండా ఎంతమందినైనా వాక్ ఆన్‌లుగా చేర్చుకునేవారు. ఇప్పుడు ఆ స్థానాలు కుదించుకుపోయాయి, దానికి తోడు ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు మారే అనుభవజ్ఞులు ఏటా పోటీకి వస్తున్నారు. ‘ప్రిఫర్డ్’ అన్న విశేషణానికి ఈ పరిస్థితిలో విలువ చాలా తక్కువ. ముప్పంతా మోయించి ఏమీ ఇవ్వని బేరం అది.

డాక్టర్ చదువు సంగతి కాస్త నిదానంగా ఆలోచించండి. నిబంధన ప్రకారం సీజన్‌లో క్రీడకు వారానికి 20 గంటలకు మించి కేటాయించకూడదు. కానీ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఆటగాళ్లు యూనియన్ కోరినప్పుడు విచారించిన కార్మిక సంబంధాల ప్రాంతీయ అధికారి, సీజన్‌లో వారు వారానికి 40 నుంచి 50 గంటలు ఫుట్‌బాల్‌కే వెచ్చిస్తున్నారని 2014లో నమోదు చేశారు. (మరుసటి ఏడాది పై బోర్డు ఆ కేసు తన పరిధిలోకి తీసుకోనని తప్పుకుంది.) ఆ ఉద్యమానికి ముందు నిలిచిన కెయిన్ కోల్టర్ వైద్య విద్యకు కావలసిన రసాయనశాస్త్రం తరగతి ఉదయపు సాధనతో ఢీకొనడం వల్ల ఆ దారి వదులుకోవలసి వచ్చిందని సాక్ష్యం చెప్పాడు. దీనికి ఎదురుగా ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడుతూనే, ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ సాధించి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొంతకాలం గడిపి, తరువాత మెదడు శస్త్రవైద్యుడైన మైరన్ రోల్ ఉన్నాడు. మన ఇళ్లలో రోల్ కథ చెప్పుకోవడమే అందరికీ ఇష్టం. కోల్టర్ కథే ఎక్కువ సాధారణమని నా అభిప్రాయం. మీ అబ్బాయి కొత్తగా చేరబోయే జట్టులో ప్రస్తుతం ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సులు చదువుతున్న ఆటగాళ్లు ఎంతమంది ఉన్నారో అడిగి, వారిలో ఒకరితో కోచ్ లేనప్పుడు మాట్లాడించండి.

ఇంత చెప్పాక నా మొగ్గు దాచుకోను. ఐవీ లీగ్ కళాశాలలు ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇచ్చే సహాయమంతా కుటుంబ ఆదాయాన్ని బట్టే. పైకి ఇది లోపంలా కనిపిస్తుంది, నాకు మాత్రం ఇదే దాని గొప్ప సుగుణం. మామూలు స్కాలర్‌షిప్‌లో గాయపడి ఆపేస్తే సహాయం కొనసాగుతుంది గాని, ‘ఇక చాలు’ అనుకుని తనంతట తాను మానేస్తే కళాశాల దాన్ని తీసేయవచ్చు. అందువల్లే తలనొప్పి దాచుకుని ఆడే పిల్లలు తయారవుతారు. ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయంలో రెండో ఏడాది చివర మానేసినా చదువు ఆగదు. మామూలు సీజన్‌లో ఆటలు పది మాత్రమే, సీజన్ మధ్య సాధనలో టాకిలింగ్ లేదు. కాబట్టి కోచ్ ఆసక్తి నిజమైన ప్రవేశంగా మారితే, మీ ఆదాయానికి వచ్చే సహాయం ఎంతో ఆ కళాశాల వెబ్‌సైటులోని నికర ఖర్చు గణనలో వేసి చూసుకుని, అది భరించగలిగేలా ఉంటే దాన్నే ఎంచుకోండి. లేకపోతే పూర్తి స్కాలర్‌షిప్, అదీ సాధన గురించి సూటిగా జవాబిచ్చిన కోచ్ దగ్గర. మూడో దారిని మీ అబ్బాయితో మాట్లాడి వదిలించండి. ఏటా సీజన్ ముగిశాక ముగ్గురూ కూర్చుని ఇంకో ఏడాది ఆడాలా అని కొత్తగా ప్రశ్నించుకుంటామన్న షరతు మీద మీ భార్యగారు అంగీకరించవచ్చు. ఆమె వద్దన్నది ఆటను కాదు, అదుపులేని కాలాన్ని.

ప్రశ్న: నేను డివిజన్ త్రీ (ఎన్‌సీఏఏ పోటీల్లో మూడో స్థాయి) కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. పదిహేను రోజుల క్రితం సాధనలో తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, చదివింది గుర్తుండడం లేదు. జట్టు వైద్య సిబ్బందికి చెబితే నా స్థానం వేరేవారికి పోతుంది, అమ్మానాన్నలకు చెబితే ఆటే మాన్పిస్తారు. వచ్చే శనివారం ఆట ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, ఒహాయో

జవాబు: బాబూ, శనివారం ఆడవద్దు. ఈ రోజే జట్టు వైద్యుడికి చెప్పు. మెదడు మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండో దెబ్బ పడితే, అది చిన్నదైనా, అరుదుగా మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదకు వస్తుంది. అంత దూరం పోకపోయినా కోలుకునే కాలం వారాల నుంచి నెలలకు పెరుగుతుంది. తలనొప్పి క్షణక్షణానికి ఎక్కువవుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, చేయి కాలు బలహీనపడినా, లేపినా లేవలేనంత మగత వచ్చినా ఇది చదువుతూ కూర్చోకుండా 911కు ఫోన్ చేయించు.

కంకషన్ లక్షణాలున్నవారిని ఆట నుంచి తప్పించాలని, వైద్యుడి అనుమతి లేకుండా తిరిగి దింపకూడదని ఎన్‌సీఏఏ నియమం. ఆ నిర్ణయంలో కోచ్‌ది తుది మాట కాదు. చీకటి గదిలో వారాల తరబడి పడుకోవాలన్న పాత పద్ధతి ఇప్పుడు లేదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత తేలికపాటి నడక మొదలుపెట్టి, మొదట చదువుకు, తరువాత మెట్టు మెట్టుగా ఆటకు తిరిగి వస్తారు. ప్రొఫెసర్లకు చెప్పి పరీక్షల గడువు పెంచుకోవచ్చు, అది నీ హక్కుగా అడుగు.

నువ్వు గమనించని ఒక సంగతి చెబుతాను. డివిజన్ త్రీలో ఆర్థిక సహాయాన్ని ఆటతో ముడిపెట్టడం నిబంధనలకే విరుద్ధం. అంటే నువ్వు కాపాడుకుంటున్నది జట్టులో స్థానం మాత్రమే, చదువు కాదు. ఆ స్థానం మీద మమకారం చిన్నదని నేను అనను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిన క్రిస్ బోర్లాండ్ ఒక్క సీజన్ బాగా ఆడి, 2015లో మెదడుకు ముప్పు తలచుకుని తనంతట తాను ఆపేసినప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. మీ నాన్నకు వైద్యుణ్ణి కలిసిన తరువాత, ఆయన చెప్పిన మాటలతో సహా చెప్పు. దాచి దొరికిపోవడం కంటే అప్పుడు వారు వినే తీరు వేరుగా ఉంటుంది. దిగులు, నిస్పృహ కూడా ఈ గాయం వెంట వస్తుంటాయి. చీకటి ఆలోచనలు వస్తే మానసిక సహాయ నంబరు 988కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: నా భర్త ఉద్యోగులకిచ్చే హెచ్1బీ వీసా మీద ఉన్నారు, అబ్బాయి ఆయన కుటుంబ సభ్యుడిగా హెచ్4 మీద ఉన్నాడు. వాడు కిక్కర్, అంటే బంతిని కాలితో తన్నే ఆటగాడు. ఒక డివిజన్ వన్ కళాశాల స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఊళ్లోని ఒక దుకాణం వారు వాడి ఫొటోతో ప్రకటన చేసి డబ్బు ఇస్తామంటున్నారు. తోటి ఆటగాళ్లందరూ తీసుకుంటున్నారట. మేమూ తీసుకోవచ్చా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: స్కాలర్‌షిప్ నిశ్చింతగా తీసుకోండి అమ్మా, అది కళాశాల సొంత నిధి, చదువుకోవడానికి హెచ్4 అడ్డం కాదు. కిక్కర్ కావడం వల్ల మొదటి ఉత్తరంలోని దెబ్బల లెక్క మీ అబ్బాయికి చాలా తక్కువ, అదీ ఊరటే. దుకాణం డబ్బు మాత్రం వద్దు. ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చని 2021 జులైలో మారింది ఎన్‌సీఏఏ నిబంధన. వలస చట్టం మారలేదు. హెచ్4 మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు, ప్రకటన కోసం నిలబడి డబ్బు పుచ్చుకోవడాన్ని పనిగా చూసే అవకాశముంది. దాని వల్ల వీసా హోదాకు భంగం కలిగితే రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కళాశాల నేరుగా పంచే డబ్బుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. జట్టు సిబ్బంది ‘అందరూ చేస్తున్నారు’ అన్నా, విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం చేయించకండి. అదే న్యాయవాదితో మరో పని కూడా పూర్తి చేసుకోండి: అబ్బాయికి 21 ఏళ్లు నిండితే హెచ్4 ముగుస్తుంది, అది కళాశాల మధ్యలో, బహుశా మూడో సీజన్‌లో వస్తుంది. విద్యార్థి వీసా అయిన ఎఫ్1కు మారే దరఖాస్తు అంతకు చాలా నెలల ముందే వెళ్లాలి.